ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ: ముందరి పాయ లెక్క ఎందుకు కుదరలేదు

పెద్ద గెలాక్సీ చుట్టూ తిరిగే చిన్న గెలాక్సీ ఎలా చెదిరిపోతుందో, చెదిరిపోతూ ఆ పెద్ద గెలాక్సీలో ఎలాంటి మార్పులు తెస్తుందో దగ్గరగా చూడదలచినవారికి ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీని మించిన ఉదాహరణ లేదు. అది మన పాలపుంతకు ఉపగ్రహం. సూర్యుడి నుంచి సుమారు 86,000 కాంతి సంవత్సరాల దూరంలో, పాలపుంత కేంద్రానికి అవతలి వైపున, నక్షత్రాలు పళ్లెంలా పరుచుకున్న డిస్క్ తలానికి 20,000 కాంతి సంవత్సరాలకు పైగా దిగువన ఉంది. దాని నుంచి ఊడిపోయిన నక్షత్రాలు రెండు పాయలుగా సాగి ఆకాశమంతా చుట్టివచ్చాయి: గెలాక్సీకి ముందు సాగినది ముందరి పాయ, వెనుక సాగినది వెనకటి పాయ, రెండూ కలిపి ధనూరాశి ప్రవాహం. ఈ గెలాక్సీని ఒక కేసుగా తీసుకుని, దీని గురించిన కొలతలు ఎక్కడి నుంచి వస్తాయో, వాటి నుంచి నమూనా ఎలా కడతామో, ఆ నమూనాలు చాలా ఏళ్లపాటు ఒకే చోట ఎందుకు మొరాయించాయో ఇక్కడ వివరిస్తాను. నక్షత్ర ప్రవాహాల గతిశాస్త్రంలో పనిచేస్తున్నవాడిగా నాకు అన్నింటికంటే ముఖ్యమైనది ఆ చివరి ప్రశ్నే. ఉపగ్రహం తిరుగుతున్నంత కాలమూ పెద్ద గెలాక్సీ కదలకుండా ఒకేచోట, ఒకే రూపంలో ఉంటుందని మా రంగంలో అందరూ సౌకర్యం కోసం చేసుకున్న ఊహ ఎంత దూరం చెల్లుతుందో తేల్చిన కేసుల్లో ఇది ప్రధానమైనది.

గుర్తించిన తీరు

1994లో రోడ్రిగో ఇబాటా, జెరార్డ్ గిల్మోర్, మైక్ ఇర్విన్ ఈ గెలాక్సీ కోసం వెతకలేదు. వారు పాలపుంత నడిమధ్యన ఉబ్బెత్తుగా ఉండే భాగంలోని నక్షత్రాల వేగాలను కొలుస్తున్నారు. ఆ భాగంలోని నక్షత్రాల వేగాలు విస్తారంగా చెదిరి ఉంటాయి కాబట్టి గ్రాఫులో అవి వెడల్పాటి దిబ్బలా కనిపించాలి. కొన్ని దిశల్లో మాత్రం ఆ దిబ్బకు ఒక పక్కగా, సెకనుకు సుమారు 140 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరంగా పోతున్న నక్షత్రాల గుంపు ఒకటి సన్నగా, నిటారుగా నిలిచింది. ఒకే దిశలో ఉన్న నక్షత్రాలన్నీ దాదాపు ఒకే వేగంతో పోవడం, ఆ వేగం చుట్టుపక్కల నక్షత్రాల వేగంతో పొసగకపోవడం అనేవి రెండూ కలిస్తే అక్కడ వేరే వ్యవస్థ ఉందని అర్థం. చార్లెస్ మెస్సియర్ 1778లో తన జాబితాకెక్కించిన గోళాకార తారాగుచ్ఛం ఎం54 ఈ గెలాక్సీ నడిబొడ్డునే ఉందని ఆ తరువాత స్పష్టమైంది. అంటే మరో గెలాక్సీకి చెందిన తారాగుచ్ఛాన్ని ఖగోళశాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలకు పైగా పాలపుంతదేనని అనుకుంటూ చూస్తూ వచ్చారు. టెర్జాన్ 7, టెర్జాన్ 8, ఆర్ప్ 2 అనే గుచ్ఛాలు కూడా దీనివే.

ఇంత దగ్గరలో ఉన్నది ఇంత ఆలస్యంగా బయటపడటానికి కారణం దాని స్థానమే. అది ఆకాశంలో ఎన్నో డిగ్రీల మేర పరుచుకుని ఉంటుంది, దాని నక్షత్రాలు పలచగా ఉంటాయి, వాటికి ముందు పాలపుంత సొంత నక్షత్రాలు దట్టంగా అడ్డు నిలుస్తాయి. బొమ్మలో చూసి దీన్ని పోల్చుకోవడం అసాధ్యం. వేగాన్ని బట్టే వేరుచేయగలం. ఈ కేసు అంతటా పనికొచ్చే విషయం ఇదే కాబట్టి దీన్ని మొదటే చెప్పాను.

ఏ నక్షత్రం ఎవరిది

పని మొదలయ్యేది జాబితాతో. 2003లో స్టీవెన్ మజెవ్‌స్కీ బృందం టూమాస్ పరారుణ సర్వేలోని చల్లని ఎం తరగతి ఎర్ర రాక్షస నక్షత్రాలను (వయసు మళ్లి ఉబ్బిన నక్షత్రాలను) ఏరి, ధనూరాశి ప్రవాహం ఆకాశమంతా చుట్టివచ్చిందని మొదటిసారి ఒకే పటంలో చూపింది. ఆ తరగతి నక్షత్రాలను ఎంచుకోవడంలో ఎంతో ఆలోచన ఉంది. అంత చల్లని రాక్షస నక్షత్రాలు ఏర్పడాలంటే లోహాలు (హైడ్రోజన్, హీలియం కంటే బరువైన మూలకాలన్నీ) ఒక మోస్తరుగానైనా ఉండాలి. పాలపుంత డిస్క్ చుట్టూ పలచగా వ్యాపించిన హేలోలోని పాత నక్షత్రాల్లో లోహాలు చాలా తక్కువ కాబట్టి అక్కడ ఎం తరగతివి అరుదు. అందువల్ల హేలోలో ఎం రాక్షస నక్షత్రాలు కనిపించిన చోటల్లా అవి ధనూరాశివి అయ్యే అవకాశం ఎక్కువ. 2006లో వాసిలీ బెలొకురోవ్ బృందం స్లోన్ సర్వేలోని మసక నక్షత్రాలతో ఉత్తరాకాశపు పటం గీసినప్పుడు ముందరి పాయ రెండుగా చీలి ఉందని కూడా తేలింది. ఆ చీలికకు కారణం మీద నేటికీ ఏకాభిప్రాయం లేదు.

నక్షత్రాల స్థానాలను కొలిచే ఐరోపా అంతరిక్ష నౌక గయా వచ్చాక ఈ ఏరివేత స్వరూపమే మారింది. 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా 2025 జనవరి వరకు పరిశీలనలు చేసింది. అది నక్షత్రాల స్థానాన్ని పదేపదే కొలిచి, ఆకాశంలో అవి ఏటా ఎంత జరుగుతున్నాయో, అంటే వాటి స్వీయ చలనాన్ని లెక్కగట్టింది. ధనూరాశి ప్రధాన భాగం దిశలో చూసినప్పుడు స్వీయ చలనాల పటంలో పాలపుంత నక్షత్రాలు పెద్ద మబ్బులా పరుచుకుని ఉంటే, ధనూరాశి నక్షత్రాలు అందులోనే ఒక మూలన చిన్న, చిక్కని చుక్కలా కనిపిస్తాయి. ఆ చుక్క విలువ తూర్పు పడమరల దిశలో ఏడాదికి సుమారు మైనస్ 2.7 మిల్లీ ఆర్క్ సెకన్లు (ఒక మిల్లీ ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 36 లక్షల వంతు), ఉత్తర దక్షిణాల దిశలో మైనస్ 1.35.

ఇక్కడ కొత్తవారికి ఒక అనుమానం వస్తుంది. గయా నక్షత్రాల దూరాన్ని కూడా పారలాక్స్ (భూమి కక్ష్యలో తిరగడం వల్ల నక్షత్రం అటూ ఇటూ జరిగినట్టు కనిపించే కోణం) ద్వారా కొలుస్తుంది కదా, నేరుగా దూరాన్ని బట్టే వేరుచేయవచ్చు కదా అని. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 26.5 కిలోపార్సెక్ (ఒక కిలోపార్సెక్ సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) దూరంలోని నక్షత్రానికి పారలాక్స్ 0.038 మిల్లీ ఆర్క్ సెకన్లు మాత్రమే ఉంటుంది. ఆ దూరంలోని సాధారణ ఎర్ర రాక్షస నక్షత్రాల ప్రకాశానికి గయా విడుదల చేసిన మూడో విడత సమాచారంలోని పొరపాటు అంతకంటే ఎక్కువ. కాబట్టి పారలాక్స్ దూరం చెప్పదు. అది దగ్గరి నక్షత్రాలను పక్కకు తీసేయడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. అది కూడా చిన్న సహాయం కాదు, ముందున్న జనసమ్మర్దం కొంత అక్కడే తగ్గిపోతుంది.

అసలు దూరం కోసం ఆర్ఆర్ లైరే చరనక్షత్రాల మీద ఆధారపడతాం. ఇవి ఒక రోజు కంటే తక్కువ కాలంలో ఒకసారి ప్రకాశం పెరిగి తగ్గే పాత నక్షత్రాలు. వీటి నిజ ప్రకాశం దాదాపు స్థిరం కాబట్టి కనిపించే ప్రకాశాన్ని బట్టి దూరం తేల్చవచ్చు. దారిలోని ధూళి మింగేసిన కాంతిని ముందుగా సరిచేయాలి. ధూళి పటంలో చిన్న తేడా ఉన్నా దూరంలో అది నేరుగా బయటపడుతుంది, దూరంలో వచ్చిన తేడా స్వీయ చలనాన్ని వేగంగా మార్చేటప్పుడు ఆ వేగంలోకి చేరుతుంది. డిస్క్ తలాన్ని ప్రవాహం దాటే ప్రాంతాల్లో ధూళి ఎక్కువ కాబట్టి అక్కడి దూరాలకు నమూనాలో తక్కువ ప్రాధాన్యం ఇవ్వడం నా అలవాటు, వాటిని పూర్తిగా తీసేయడం కంటే అదే మేలు.

సూర్యుడి కదలికను తీసేయడం

ఈ కేసులో అన్నింటికంటే జాగ్రత్తగా చేయవలసిన మెట్టు ఇది. స్వీయ చలనాన్ని వేగంగా మార్చే సూత్రం సులభమైనది: ఏడాదికి మిల్లీ ఆర్క్ సెకన్లలో ఉన్న చలనాన్ని కిలోపార్సెక్‌లలో ఉన్న దూరంతో, 4.74తో గుణిస్తే సెకనుకు కిలోమీటర్లు వస్తాయి. ధనూరాశి విషయంలో రెండు దిశల చలనాలనూ కలిపితే ఏడాదికి సుమారు 3 మిల్లీ ఆర్క్ సెకన్లు, దూరం 26.5 కిలోపార్సెక్, వెరసి సెకనుకు సుమారు 378 కిలోమీటర్లు. ఈ సంఖ్య చూసి ఆ గెలాక్సీ ఆకాశానికి అడ్డంగా అంత వేగంతో పోతోందని అనుకోకూడదు. సూర్యుడు కూడా పాలపుంత కేంద్రం చుట్టూ తిరుగుతున్నాడు, కొలిచింది ఆ తిరిగేవాడి దగ్గర నిలబడి.

సూర్యుడి వేగం ఎంతో తెలిసేదెలా? పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలం ధనుస్సు ఏ-స్టార్ దాదాపు కదలకుండా ఉందనుకుంటే, చాలా దూరాన ఉండి కదలనట్టు కనిపించే క్వేజార్లతో (ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలతో) పోల్చినప్పుడు అది ఏడాదికి సుమారు 6.4 మిల్లీ ఆర్క్ సెకన్లు జరుగుతున్నట్టు కనిపించడం సూర్యుడి కదలిక వల్లనే. రేడియో దూరదర్శినులతో ఏళ్లతరబడి చేసిన కొలత ఇది. ఆ కృష్ణబిలం దూరం, చిలీలోని పెద్ద దూరదర్శినుల కాంతిని కలిపి కొలిచే గ్రావిటీ పరికరం 2019లో ఇచ్చిన కొలత ప్రకారం, సుమారు 8.18 కిలోపార్సెక్. మళ్లీ అదే సూత్రం వాడితే సూర్యుడు సెకనుకు సుమారు 248 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నాడని వస్తుంది. దీన్ని దిశతో సహా కలుపుకుని, దృష్టి రేఖ వెంబడి వర్ణపటంతో కొలిచిన వేగాన్ని కూడా చేర్చితే, పాలపుంత కేంద్రం దృష్ట్యా ధనూరాశి గెలాక్సీ సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో, డిస్క్‌కు దాదాపు లంబంగా ఉన్న కక్ష్యలో పోతోందని తేలుతుంది.

ప్రధాన భాగానికి ఒక్కసారి చేసే ఈ సవరణను ప్రవాహంలో ప్రతి నక్షత్రానికీ దాని దిశను బట్టి, దాని దూరాన్ని బట్టి విడివిడిగా చేయాలి. ఆకాశమంతా పరుచుకున్న ప్రవాహంలో సూర్యుడి కదలిక ఒకచోట పాయ వెంబడి, మరోచోట పాయకు అడ్డంగా కనిపిస్తుంది. దూరం తప్పయితే సవరణ తప్పవుతుంది, సవరణ తప్పయితే లేని వంకర ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే సవరణ తరువాత కనిపించే ఏ విచిత్రాన్నయినా నమ్మే ముందు దూరాలను కొద్దిగా పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి లెక్క తిరగవేసి చూడాలి. నా దృష్టిలో ఇది తప్పనిసరి.

వర్ణపటం నుంచి మరో లాభం కూడా ఉంది. ఒకే ఇనుము పరిమాణం దగ్గర పోల్చినప్పుడు ధనూరాశి నక్షత్రాల్లో మెగ్నీషియం, కాల్షియం వంటి మూలకాలు పాలపుంత నక్షత్రాల్లో కంటే తక్కువగా ఉంటాయి. చిన్న గెలాక్సీలో నక్షత్రాలు మెల్లగా పుట్టడం వల్ల, ఆలస్యంగా పేలే ఒకటి-ఏ రకం సూపర్‌నోవాలు (నక్షత్ర విస్ఫోటనాలు) అక్కడి వాయువులో ఇనుమును పెంచేసరికి ఇంకా మెగ్నీషియం అంతగా చేరి ఉండదు. కాబట్టి స్థానం, చలనం రెండూ అనుమానాస్పదంగా ఉన్న నక్షత్రం విషయంలో మూలకాల నిష్పత్తి నిర్ణయాత్మక సాక్ష్యం అవుతుంది. ప్రధాన భాగంలో లోహాలు ఎక్కువగా, పాయల్లో దూరం వెళ్లేకొద్దీ తక్కువగా ఉండటం కూడా కొలతల్లో కనిపించింది. మొదట ఊడిపోయేవి ఉపగ్రహం అంచున ఉన్న పాత, లోహం తక్కువ నక్షత్రాలే కాబట్టి ఇది ఊహించినదే.

ఎలా ఊడిపోతుంది

ఉపగ్రహంలో కేంద్రానికి దగ్గరి వైపును పాలపుంత కొంచెం ఎక్కువగా, దూరపు వైపును కొంచెం తక్కువగా లాగుతుంది. ఈ తేడాయే ఆటుపోటు బలం. ఉపగ్రహం తన నక్షత్రాలను ఎంత దూరం వరకు పట్టి ఉంచగలదో అంచనా వేయడానికి ఒక సులభమైన సూత్రం ఉంది: ఉపగ్రహం ద్రవ్యరాశిని, దాని కక్ష్య లోపల ఉన్న పాలపుంత ద్రవ్యరాశికి మూడు రెట్లతో భాగించి, ఘనమూలం తీసి, కేంద్రం నుంచి ఉన్న దూరంతో గుణించాలి. ధనూరాశి ప్రస్తుత ద్రవ్యరాశి సుమారు 40 కోట్ల సూర్యుళ్లకు సమానమని యూజీన్ వసీలియెవ్, బెలొకురోవ్ 2020లో గయా చలనాల ఆధారంగా అంచనా వేశారు. కక్ష్యలో అది కేంద్రానికి దగ్గరగా వచ్చే దూరం సుమారు 16 కిలోపార్సెక్. ఆ దూరం లోపల పాలపుంత ద్రవ్యరాశి సుమారు 19,000 కోట్ల సూర్యుళ్లు. లెక్క వేస్తే వచ్చే పరిమితి 1.4 కిలోపార్సెక్, అంటే సుమారు 4,600 కాంతి సంవత్సరాలు. గెలాక్సీ ప్రధాన భాగమే దీన్ని మించి సాగి కనిపిస్తోంది. అంటే అంచులలోని నక్షత్రాలు ఇప్పటికే దాని పట్టు తప్పాయి. ఇంకో వంద కోట్ల సంవత్సరాల్లో అది పూర్తిగా చెదిరిపోతుందని అదే అధ్యయనం చెప్పింది.

పట్టు తప్పిన నక్షత్రాలు ఎటుపడితే అటు పోవు. కేంద్రం వైపున్న ద్వారం నుంచి బయటపడినవాటి శక్తి కొద్దిగా తగ్గి, అవి చిన్న కక్ష్యలో పడతాయి. చిన్న కక్ష్యలో తిరిగే కాలం తక్కువ కాబట్టి అవి ఉపగ్రహం కంటే ముందుకు వెళ్లిపోతాయి. ఇది ముందరి పాయ. అవతలి ద్వారం నుంచి బయటపడినవి పెద్ద కక్ష్యలో పడి వెనకబడతాయి. ఇది వెనకటి పాయ. కేంద్రం నుంచి ముందరి పాయ గరిష్ఠ దూరం సుమారు 50 కిలోపార్సెక్ కాగా వెనకటి పాయది సుమారు 100 కిలోపార్సెక్. పాయల్లోని ఒక్కొక్క భాగం ఉపగ్రహాన్ని ఒక్కొక్క కాలంలో వదిలింది కాబట్టి, పాయ వెంబడి నడవడమంటే కాలంలో వెనక్కి నడవడమే. పాలపుంత గురుత్వాకర్షణ క్షేత్రం ఏ కాలంలో ఎలా ఉండేదో ఆ నక్షత్రాల స్థానాల్లో నమోదై ఉంది. గురుత్వం వల్లనే ఉనికి తెలిసే కృష్ణ పదార్థం మన కంటికి కనబడదు గనుక దాని ఆకారాన్ని చదవడానికి ఇంతటి పొడవైన ఆధారం మరొకటి లేదు.

నమూనా, దాని మొరాయింపు

నమూనా కట్టే పద్ధతి ఇది. పాలపుంతకు ఉబ్బెత్తు, డిస్క్, కృష్ణ పదార్థపు హేలో అనే భాగాలతో ఒక గురుత్వ క్షేత్రాన్ని ఊహిస్తాం. ఉపగ్రహం ఇప్పటి స్థానం, వేగం తెలుసు కాబట్టి దాని కక్ష్యను కొన్ని వందల కోట్ల సంవత్సరాలు వెనక్కి నడిపిస్తాం. అక్కడ నక్షత్రాలు, కృష్ణ పదార్థం రెండూ ఉన్న కణాల గెలాక్సీని ఉంచి, ముందుకు నడిపిస్తాం. దాన్ని పాలపుంతలోకి దింపే ముందు ఒంటరిగా కొంతకాలం నడిపి, తనంతట తానే ఉబ్బిపోవడం గానీ కుంచించుకుపోవడం గానీ లేదని నిర్ధారించుకోవాలి. లేకపోతే ప్రారంభంలోని అస్థిరత వల్ల ఊడిన నక్షత్రాలను ఆటుపోటు బలానికి అంటగట్టే ప్రమాదం ఉంది. ఒక్కసారి నడిపితే ఉపగ్రహం ఖచ్చితంగా ఇప్పటి స్థానానికి చేరదు. కృష్ణ పదార్థంలోంచి పోతున్నప్పుడు దాని వెనుక కూడుకునే పదార్థం దాన్ని వెనక్కి లాగుతుంది, ద్రవ్యరాశి కోల్పోతున్నకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది, ఈ రెండింటినీ ముందే సరిగ్గా ఊహించడం కుదరదు. అందుకని వచ్చిన తేడాను బట్టి ప్రారంభ స్థానాన్ని, వేగాన్ని సవరిస్తూ మళ్లీ మళ్లీ నడపాలి. ఆ తరువాత ఆకాశంలో పాయ దారి, దూరం, దృష్టి రేఖ వేగం, స్వీయ చలనం అన్నింటినీ పాయ పొడవునా ఒకే నిర్దేశాంకాల్లో పరిశీలనతో పోల్చాలి.

ఈ పోలికలో ముందరి పాయ దగ్గర చాలా ఏళ్లపాటు చిక్కు వచ్చింది. పాలపుంత హేలో ఆకారాన్ని మార్చుతూ సరిపెట్టడానికి ప్రయత్నించినప్పుడు పరిశీలనలు పరస్పరం విరుద్ధమైన తీర్పులు చెప్పాయి. ముందరి పాయలోని వేగాలు సరిపోవాలంటే హేలో డిస్క్‌కు లంబంగా నిడుపుగా సాగి ఉండాలని 2004లో అమీనా హెల్మీ చూపింది. పాయలు రెండూ ఒకదానితో ఒకటి చేసే వంపు సరిపోవాలంటే హేలో డిస్క్ వైపు అణిగి ఉండాలని 2005లో క్యాథరిన్ జాన్‌స్టన్, డేవిడ్ లా, మజెవ్‌స్కీ చూపారు. ఒకే ప్రవాహం నుంచి వచ్చిన రెండు సాక్ష్యాలు ఒక హేలో గురించి రెండు భిన్నమైన మాటలు చెప్పడమన్నమాట. 2010లో లా, మజెవ్‌స్కీ మూడు అక్షాలూ మూడు వేర్వేరు పొడవులున్న హేలోతో రెండింటినీ ఒకేసారి సరిపెట్టగలిగారు. వారి నమూనా తరువాతి పదేళ్లలో ఎందరికో ఆధారమైంది, అది న్యాయమే కూడా, ఎందుకంటే అప్పటికి అందుబాటులో ఉన్న కొలతలన్నింటినీ అంతగా కుదిర్చినది అదొక్కటే.

అయితే ఆ హేలోలో మధ్యస్థ పొడవున్న అక్షం డిస్క్‌కు లంబంగా ఉండాల్సి వచ్చింది. అలాంటి అమరికలో డిస్క్ నిలకడగా ఉండలేదని 2013లో విక్టర్ డెబట్టిస్టా బృందం సిమ్యులేషన్లతో చూపింది. ఇక వెనకటి పాయ 100 కిలోపార్సెక్ వరకు వెళ్తుందని 2014లో బెలొకురోవ్ బృందం కొలిచినప్పుడు, ఆ నమూనా చెప్పిన గరిష్ఠ దూరం అంతకంటే బాగా తక్కువని తేలిపోయింది. నా అభిప్రాయంలో ఈ రెండో అభ్యంతరమే బలమైనది. అస్థిరత అనేది వాదన, దూరం కొలత.

మూడో వస్తువు

2013లోనే కార్లోస్ వెరా-సిరో, హెల్మీ వేరొక మార్గం సూచించారు: పెద్ద మాగెలానిక్ మేఘాన్ని కూడా లెక్కలో చేర్చాలి. అది మన నుంచి సుమారు 1,62,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో ఉపగ్రహ గెలాక్సీ. దాని స్వీయ చలనాన్ని హబుల్ దూరదర్శినితో 2006లో నీతా కల్లివాయలిల్ బృందం కొలిచినప్పుడు అది ఊహించినదానికంటే వేగంగా పోతోందని తెలిసింది. ఆ వేగాన్ని బట్టి అది పాలపుంత దగ్గరికి రావడం ఇదే మొదటిసారి కావచ్చని 2007లో గుర్తినా బెస్లా బృందం వాదించింది. మొదటిసారి వస్తున్నదైతే తన కృష్ణ పదార్థాన్ని ఇంకా పోగొట్టుకుని ఉండదు, కాబట్టి దాని ద్రవ్యరాశి చాలా ఎక్కువ కావాలి.

ద్రవ్యరాశి ఎంతన్నదే ఇక్కడ అసలు విషయం. ధనూరాశి ప్రవాహాన్ని మేఘంతో కలిపి నమూనా చేసిన వసీలియెవ్, బెలొకురోవ్, డెనిస్ ఎర్కల్ 2021లో ప్రచురించిన విలువ సుమారు 13,000 కోట్ల సూర్యుళ్లు. 100 కిలోపార్సెక్ లోపల పాలపుంత మొత్తం ద్రవ్యరాశికి వారి అంచనా సుమారు 56,000 కోట్లు. అంటే మేఘం దానిలో అయిదో వంతు కంటే ఎక్కువ. అంత బరువైనది పక్కకు వస్తే పాలపుంత కూడా దానివైపు జరుగుతుంది. లోపలి భాగం గట్టిగా ముడిపడి ఉండి, వేగంగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి మొత్తంగా ఒకేసారి జరుగుతుంది. బయటి హేలోలో ఒక చుట్టు తిరగడానికి వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది గనుక అది వెంటనే స్పందించలేదు. ఫలితంగా కేంద్రం దగ్గర ఉన్న మనకు దూరపు హేలో నక్షత్రాలన్నీ ఒకే దిశలో కొద్దిగా కొట్టుకుపోతున్నట్టు కనిపించాలి. 2021లో మైకేల్ పీటర్సన్, హోర్హే పెన్యారూబియా ఆ కదలికను హేలో నక్షత్రాల్లో నేరుగా కొలిచి, అది సెకనుకు సుమారు 32 కిలోమీటర్లని చెప్పారు.

ఇప్పుడు ముందరి పాయ చిక్కును దగ్గరగా చూద్దాం. గురుత్వ క్షేత్రం కాలంతో మారకుండా ఉంటే, ప్రవాహంలోని నక్షత్రం దాదాపు ప్రవాహం వెంబడే కదలాలి. నది నీరు నది పొడవునా పారినట్టే. సూర్యుడి కదలికను తీసేశాక ముందరి పాయలో ఒక్కొక్క చోట నక్షత్రాల సగటు స్వీయ చలనాన్ని బాణం గుర్తుగా పాయ పటం మీద గీస్తే, ఆ బాణాలు పాయ దారిని అనుసరించవు. ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. ఇది ఏ ఒక్క నక్షత్రం పొరపాటో కాదు, పాయలో చాలా భాగం మేర క్రమంగా కనిపించే ఒరుగు. దూరాలను అటూ ఇటూ మార్చి చూసినా పోదు. ఈ ఒరుగును హేలో ఆకారం మార్చి తెప్పించలేం. ఎందుకంటే గుండ్రటి హేలో అయినా, అణిగిన హేలో అయినా, మూడక్షాల హేలో అయినా, కాలంతో మారనంత వరకు ప్రవాహం తన దారి వెంటే పోవాలి. మారుతున్న క్షేత్రం మాత్రమే దీన్ని కలిగించగలదు. మాగెలానిక్ మేఘాన్ని చేర్చి, పాలపుంత కేంద్రాన్ని స్వేచ్ఛగా కదలనిచ్చి నడిపినప్పుడు 2021 నమూనాలో ఒరుగు వచ్చింది, ముందరి పాయ దూరాలు కుదిరాయి, వెనకటి పాయ 100 కిలోపార్సెక్ వరకు వెళ్లింది. హేలో లోపలి భాగం డిస్క్‌తో కలిసి అణిగి ఉండి, బయటికి పోయేకొద్దీ దిశ మార్చుకుంటుందని కూడా ఆ నమూనా సూచించింది.

ఆకారం గురించి వాదించుకుంటున్న కాలంలో వాదనకు అసలు ఆధారం కదలికలో ఉంది. నక్షత్రాల స్థానాలు, దృష్టి రేఖ వేగాలు మాత్రమే ఉన్నప్పుడు ఆకారాన్ని మార్చి చిక్కును దాటవేయడం సాధ్యమైంది. స్వీయ చలనాలు చేరాక సాధ్యం కాలేదు. ఉపగ్రహ గెలాక్సీల మీద పని మొదలుపెట్టే విద్యార్థులకు నేను ఈ కేసునే ముందు చూపించడానికి కారణం ఇదే. కుదరని చోట కొత్త పరామితి (నమూనాలో మార్చగల సంఖ్య) చేర్చే ముందు, ఆ పరామితి ఏ పరిశీలనను మార్చగలదో, దేన్ని ఎన్నటికీ మార్చలేదో కాగితం మీద రాసుకోవాలి.

పాలపుంత మీద పడిన ముద్ర

ధనూరాశి గెలాక్సీ కూడా తన వంతు ప్రభావం చూపింది. 2018లో తెరెసా ఆంతోహా బృందం గయా రెండో విడత సమాచారంలో సూర్యుడి పరిసరాల నక్షత్రాలను తీసుకుని, డిస్క్ తలం నుంచి వాటి ఎత్తును ఒక అక్షం మీద, పైకి కిందికి పోయే వేగాన్ని మరో అక్షం మీద గుర్తించింది. నెమ్మదించి సర్దుకున్న డిస్క్ అయితే అక్కడ నునుపైన మచ్చ కనిపించాలి. దానికి బదులు చుట్టుకున్న సర్పిలం కనిపించింది. డిస్క్‌ను ఏదో ఒకటి కదిపిన తరువాత, తలానికి దగ్గరి నక్షత్రాలు త్వరగా, దూరపువి మెల్లగా ఊగడం వల్ల ఆ అలజడి ఇలా చుట్టుకుంటుంది. సర్పిలం ఎన్ని చుట్లు చుట్టుకుందో చూసి ఆ కుదుపు 30 కోట్ల నుంచి 90 కోట్ల సంవత్సరాల క్రితం జరిగిందని ఆ బృందం అంచనా వేసింది. ధనూరాశి డిస్క్‌ను దాటిన కాలాల్లో ఒకటి ఆ వ్యవధిలో పడుతుంది. 2020లో తోమాస్ రూయిస్-లారా బృందం సూర్యుడి పరిసరాల్లో 570 కోట్లు, 190 కోట్లు, 100 కోట్ల సంవత్సరాల క్రితం నక్షత్రాల పుట్టుక ఎక్కువైందని, అవి ధనూరాశి దగ్గరికి వచ్చిన కాలాలతో సరిపోతున్నాయని ప్రకటించింది.

వీటికి ధనూరాశినే కారణంగా చూపే విషయంలో నేను కొంత జాగ్రత్త పాటిస్తాను. ఇప్పుడున్న 40 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశితో ధనూరాశి డిస్క్‌ను అంతగా కదపలేదు. నిన్నమొన్నటి చుట్టులో దాని ద్రవ్యరాశి ఎంతో ఎక్కువగా ఉండి ఉంటేనే సాధ్యం. 2021లో మార్గన్ బెనెట్, జో బోవీ రకరకాల ద్రవ్యరాశులతో లెక్కించి, ధనూరాశి ఒక్కటే సూర్యుడి పరిసరాల్లో డిస్క్‌కు పైనా కిందా నక్షత్రాల మధ్య కనిపించే అసమానతకు కారణం కాలేదని చెప్పారు. పెద్ద దెబ్బ ఒకటి కాకుండా చిన్న చిన్న కుదుపులు ఎన్నో కలిసి సర్పిలాన్ని ఏర్పరచగలవని 2023లో స్కాట్ ట్రెమైన్, నేజ్ ఫ్రాంకెల్, బోవీ చూపారు. కాలం సరిపోవడం అవసరమైన సాక్ష్యమే గానీ చాలినంత సాక్ష్యం కాదు. ధనూరాశి మొదట్లో కనీసం 6,000 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశితో వచ్చిందని పాయల వెడల్పు, వేగాల వ్యాప్తిని బట్టి 2017లో వచ్చిన అంచనాను అంగీకరిస్తే, అది ఏ చుట్టులో ఎంత పోగొట్టుకుందన్నదే తేలాల్సిన సంఖ్య.

ఇతర గెలాక్సీల చుట్టూ ఇలాంటి ప్రవాహాలు కనిపించినప్పుడు మన దగ్గర ఉండే ఆధారాలు చాలా తక్కువ. ఆండ్రోమెడా చుట్టూ 2001లో కనుగొన్న పెద్ద దక్షిణ ప్రవాహం విషయంలో విడి నక్షత్రాలు, దృష్టి రేఖ వేగాలు అందుతాయి. అంతకంటే దూరమైన ఎన్‌జీసీ 5907 వంటి గెలాక్సీల చుట్టూ మసక కాంతి ఉంగరం తప్ప మరేమీ దొరకదు. అక్కడ దారి, ప్రకాశం మాత్రమే తెలిసి, కదలిక తెలియనప్పుడు, పక్కనున్న బరువైన మూడో గెలాక్సీని లెక్కలోకి తీసుకోకుండా హేలో ఆకారం గురించి ప్రకటనలు చేయడం తొందరపాటు.

వెనకటి పాయ చివరికొస్తే మన దగ్గర కూడా ఆధారాలు పలచబడతాయి. 100 కిలోపార్సెక్ దూరంలో అత్యంత ప్రకాశవంతమైన ఎర్ర రాక్షస నక్షత్రం గయాకు సుమారు 17వ మాగ్నిట్యూడ్‌గా (ప్రకాశపు కొలమానం, సంఖ్య పెరిగేకొద్దీ మసక) కనిపిస్తుంది. ఆ ప్రకాశం దగ్గర మూడో విడత స్వీయ చలనంలో పొరపాటు ఏడాదికి సుమారు 0.07 మిల్లీ ఆర్క్ సెకన్లు, 4.74తో, 100తో గుణిస్తే సెకనుకు 33 కిలోమీటర్లు. మేఘం వల్ల వచ్చిన కదలిక కూడా అంతే కాబట్టి ఒక్క నక్షత్రంతో ఏమీ తేలదు. చాలా నక్షత్రాల సగటు తీసినా, పక్కపక్క నక్షత్రాలన్నింటిలోనూ ఒకేలా ఉండే 0.02 చుట్టుపక్కల క్రమబద్ధమైన పొరపాటు సగటులో పోదు, అది అక్కడ సెకనుకు 10 కిలోమీటర్ల మేర నిలిచి ఉంటుంది. 34 నెలల పరిశీలనలతో మూడో విడత తయారైంది. 2026 డిసెంబరులో విడుదల చేస్తామని ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటించిన నాలుగో విడతకు 66 నెలల పరిశీలనలు ఆధారం. స్వీయ చలనంలో ఖచ్చితత్వం పరిశీలన కాలంతో పాటు, పరిశీలనల సంఖ్యతో పాటు కూడా పెరుగుతుంది కాబట్టి పొరపాటు రెండున్నర రెట్లకు పైగా తగ్గాలి. అప్పుడు అదే నక్షత్రానికి అది సెకనుకు 12, 13 కిలోమీటర్లకు దిగుతుంది. ముందరి పాయలో కనిపించిన ఒరుగు వెనకటి పాయ కొసలో ఎటు తిరగాలో, ఎంత ఉండాలో 2021 నమూనా ఇప్పటికే చెప్పి ఉంది. ఆ కొసలోని నక్షత్రాల జాబితాను, వాటి ఆర్ఆర్ లైరే దూరాలతో సహా, ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం ప్రస్తుతం చేయవలసిన పని.